కుర్ర గుర్రాలతో షోల బాట

సోమవారం

కిందటి షో, అంటే గుర్రాలు అడ్డంకులు దూకే పోటీ, నుంచి దించిన సామాను పూర్తిగా సర్దనే లేదు, మళ్ళీ ఎక్కించే వేళయింది. సీజన్ నడిమికి వచ్చేసరికి ఎప్పుడూ ఇంతే. ఉతికిన జీను గుడ్డలు ఆరీ ఆరకముందే లారీలోకి చేరతాయి. ఈసారి వెంట వచ్చేవి కంచు, తుమ్మెద. కంచుకి ఆరేళ్ళు. రాగి రంగు గెల్డింగ్, అంటే విత్తులు తీయించిన మగగుర్రం, విశాలమైన రొమ్ము, కొత్త చోటంటే సరదా. తుమ్మెదకి ఐదు. నలుపు తిరిగిన గోధుమ రంగు ఆడగుర్రం. ఏదైనా సరే కళ్ళారా చూసి, వాసన చూసి, ఆ తర్వాతే నమ్ముతుంది.

కాగితం మీద ఐదని రాసినంత మాత్రాన అన్నీ ఒకే ఈడువి కావు. అంతర్జాతీయ ఈక్వెస్ట్రియన్ సమాఖ్య, అంటే ఎఫ్ఈఐ లెక్కలో ఉత్తరార్ధగోళంలో పుట్టిన ప్రతి గుర్రానికీ జనవరి 1తోనే ఏడాది నిండుతుంది. దక్షిణార్ధగోళం వాటికి ఆగస్టు 1. తుమ్మెద పుట్టింది మే నెలాఖర్లో. జనవరిలో పుట్టిన వాటి పక్కన నిలబడి అదే తరగతిలో దూకాలి. ఈ వయసులో నాలుగైదు నెలలంటే మాటలు కాదు. నాలుగున్నరేళ్ళ ప్రాంతంలో ముందుపళ్ళలో ఆఖరి జత మారుతుంది. ఆ రోజుల్లో కళ్ళెం పెట్టించుకోవడానికే మొరాయించే గుర్రాలుంటాయి. వెన్నుపూసల ఎదుగుదలైతే ఐదున్నర, ఆరేళ్ళు దాటితే గానీ పూర్తికాదు. పైకి నిండుగా కండపట్టి కనిపిస్తుంది, లోపల ఎముక ఇంకా ముదరలేదు. ఎంట్రీ ఫారం ముందు పెట్టుకుని కూర్చున్న ప్రతిసారీ నేను తలుచుకునేది ఇదే.

అందుకే కంచుకి ఆరేళ్ళ తరగతిలో అన్ని రోజులూ రాశాను. తుమ్మెదకి గురు, శుక్రవారాలు మాత్రమే. ఫైనల్ సంగతి దాన్ని చూశాక తేలుద్దామని వదిలేశాను.

లాడాలు కొట్టే ఆయన పొద్దున వచ్చి చూసి వెళ్ళాడు. కొత్త లాడాలు పోయిన వారమే వేశాడు కాబట్టి ఇవాళ పని కొంచెమే. మేకులు బిగువుగా ఉన్నాయో లేదో తట్టి చూశాడు. లాడాల్లో స్టడ్‌లు, అంటే కాలు జారకుండా పెట్టే మరమేకులు, బిగించే రంధ్రాల్లో మట్టి తీసి, నూనెలో తడిపిన దూది కుక్కాడు. గడ్డి మైదానం తడిగా ఉంటే ఆ స్టడ్‌లే పట్టు. వాటిని బిగించేటప్పుడు రంధ్రంలో ఇసుక చేరి మర తిరగకపోతే, గేటు దగ్గర మన నంబరు పిలుస్తుంటే, ఆ కంగారు ఎవరికీ వద్దు.

మంగళవారం

పని తక్కువ. రెండింటినీ చెట్ల బాటలో వదులు పగ్గాలతో నడిపించి, కాసేపు ట్రాట్, అంటే మెల్లని పరుగు, చేయించి తీసుకొచ్చాను. షోకి ముందు ఒకసారి దూకించి చూసుకోవాలన్న తహతహ చాలామందికి ఉంటుంది. నాకా పద్ధతి నచ్చదు. నెలల తరబడి రాని పాఠం ఒక్క సాయంత్రంలో రాదు, కాళ్ళకి అలసట మాత్రం మిగులుతుంది.

సాయంత్రం గుర్రాల పాస్‌పోర్టులు తీసి టీకాల తేదీలు చూశాను. ఇన్‌ఫ్లుయెంజా టీకా వేసి ఆరు నెలల 21 రోజులు దాటకూడదు, షోకి చేరే ముందు వారం రోజుల్లో వేసి ఉండకూడదు. థర్మామీటరు, ఉష్ణోగ్రతలు రాసే పుస్తకం కూడా సంచిలో పెట్టాను. 2021లో స్పెయిన్‌లోని వాలెన్సియా షోలో హెర్పిస్ వైరస్ పాకి గుర్రాలు చనిపోయాయి. యూరప్‌లో చాలా దేశాల్లో షోలు వారాల తరబడి ఆగిపోయాయి. అప్పటినుంచి ఉదయం, సాయంత్రం జ్వరం చూడటం మా వాళ్ళందరికీ పళ్ళు తోముకున్నంత మామూలైంది. ఊళ్ళు తిరిగే కుర్ర గుర్రాలకి ఇది ఇంకా అవసరం. వందల కొద్దీ కొత్త గుర్రాల ఊపిరి మధ్యలోకి వెళ్తున్నాయి మరి.

బుధవారం

తెల్లారకముందే బయల్దేరాం. లారీ తోలేది బాబాయ్. నాకు చుట్టం కాదు, నాకంటే ముందు నుంచీ గుర్రాల మధ్య బతికిన మనిషి. వెనక నిలబడ్డ ప్రాణి ప్రతి బ్రేకుకీ, ప్రతి మలుపుకీ కాళ్ళు బిగబట్టి నిలదొక్కుకోవాలి. గంటల ప్రయాణమంటే దానికి గంటల వ్యాయామం. నెత్తిన నిండు కుండ పెట్టుకున్నట్టు తోలాలని బాబాయ్ కొత్త డ్రైవర్లకి చెబుతుంటాడు.

నాలుగు గంటలకోసారి ఆపుతాం. ఆపినప్పుడు మొదట చేసేది మోకు వదులు చేసి తల కిందికి దించనివ్వడం. గుర్రం మేసే జంతువు, తల నేలకి దించి ఉంచడమే దాని సహజ స్థితి. అలా దించినప్పుడే శ్వాసనాళంలో చేరిన దుమ్ము, తేమ బయటికి జారతాయి. గంటల తరబడి తల ఎత్తి కట్టేస్తే అవన్నీ లోపలే నిలిచి ఊపిరితిత్తులకి జబ్బు చేస్తుంది. దూర ప్రయాణం తర్వాత వచ్చే జ్వరాలకి ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి. గడ్డి కూడా నీళ్ళలో తడిపే వేలాడదీస్తాం, దుమ్ము లేవకుండా. గడ్డి మాత్రం ఎప్పుడూ మూతి ముందు ఉండాల్సిందే. అంత పెద్ద ఒంటికి దాని కడుపు పట్టేది 8 నుంచి 15 లీటర్లే. తిన్నా తినకపోయినా ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. ఖాళీ కడుపుతో ప్రయాణం చేయించి, దిగగానే ఎందుకిలా చిరాకు పడుతోందని అడిగితే ఏం లాభం?

మధ్యాహ్నానికి చేరాం. గేటు దగ్గర వెటర్నరీ డాక్టరు మెడలో ఉండే గుర్తింపు చిప్ చదివి, పాస్‌పోర్టులో బొమ్మతో పోల్చి చూసి, జ్వరం చూశాడు. తుమ్మెద 37.9, కంచు 38.1. రెండూ మామూలే. తాత్కాలికంగా వేసిన లాయాల్లో ఎదురెదురు గదులు దొరికాయి. తుమ్మెద గది నాలుగు మూలలూ వాసన చూసి, పడుకుని ఓ పొర్లు పొర్లి లేచింది. అంటే ఒప్పుకుందన్నమాట.

పేచీ కంచుతో. అన్నిట్లోనూ హుషారు, నీళ్ళ దగ్గర మాత్రం ముసలాళ్ళ పట్టింపు. కొత్త చోటి నీళ్ళలో మూతి పెట్టి, పెదవి తడుపుకుని, తల తిప్పేశాడు. మామూలు రోజున కూడా ఈ సైజు గుర్రం పాతిక, నలభై లీటర్లు తాగాలి. చెమట పట్టిన రోజు ఇంకా ఎక్కువ. తాగకపోతే పేగులో మేత గట్టిపడి కడుపునొప్పి పట్టుకుంటుంది, గుర్రానికి వాంతి చేసుకునే వీలు కూడా లేదు. చిగురు మీద వేలు నొక్కి వదిలాను. తెల్లబడ్డ చోటు రెండు సెకన్ల లోపే మళ్ళీ గులాబీ రంగుకి వచ్చింది. పేడ కొంచెం పొడిగా ఉంది. ఇంటి దగ్గర వారం నుంచీ వాడి నీళ్ళలో చెంచాడు ఆపిల్ రసం కలుపుతూ వచ్చాం. అదే రసం ఇక్కడి బకెట్లో కలిపితే వాసన పట్టి ఆగాడు. ఆలోచించాడు. తర్వాత చెవులు ముందుకీ వెనక్కీ ఆడిస్తూ గుటకగుటకగా బకెట్ ఖాళీ చేశాడు. బాబాయ్ ఊపిరి పీల్చుకుని రెండో బకెట్ తేవడానికి లేచాడు.

గురువారం

ఐదేళ్ళ తరగతి పొద్దున్నే. కోర్సు, అంటే దూకాల్సిన అడ్డంకుల దారి, ముందుగా కాలినడకన కొలిచి చూసుకోవడానికి గేటు తెరిచేసరికి గడ్డి మీద మంచు ఆరలేదు. నాలుగు అడుగులు నడిస్తే గుర్రం కాంటర్‌లో, అంటే తీరికైన దౌడులో, వేసే ఒక అంగ, సుమారు మూడు మీటర్ల అరవై. దూకి దిగడానికి రెండడుగులు, మళ్ళీ లేవడానికి రెండడుగులు పోను మిగతాది లెక్క వేసుకోవాలి. మూడో అడ్డంకి నుంచి నాలుగో దానికి ఐదు అంగలు. కుర్ర గుర్రాలు భయపడితే అంగ చిన్నదవుతుంది, ఇంటి దారి కనిపిస్తే పెద్దదవుతుంది. అందుకని గేటు ఎటుందో చూసుకోవడం కూడా లెక్కలో భాగమే. ఇక్కడ ఆ వరస గేటు వైపే. కోర్సు వేసినాయన మంచి మనసున్నవాడు. మొదటి అడ్డంకి పొట్టిగా, కింద నేల గీత స్పష్టంగా, ఎదురుగా ఖాళీగా పెట్టాడు. కుర్ర గుర్రాల తరగతికి కోర్సు వేయడం పెద్ద ప్రైజు రౌండుకి వేయడం కంటే కష్టమని నా నమ్మకం. అక్కడ దోషాలు తేల్చాలి. ఇక్కడ పిల్ల బయటికి వచ్చేసరికి లోపలికి వెళ్ళినప్పటి కంటే ధైర్యంగా ఉండాలి.

వార్మప్ మైదానమే అసలు పరీక్ష. ఇంటి దగ్గర రెండు మూడు గుర్రాలతో తిరిగే పిల్ల, ఇక్కడ ఇరవై గుర్రాల మధ్యలో పడుతుంది. ఎదురుపడితే ఎడమ భుజం పక్క నుంచి ఎడమ భుజం పోవాలి. అడ్డంకికి ఎర్ర జెండా కుడి చేతికి, తెల్ల జెండా ఎడమ చేతికి ఉండేలా దూకాలి. పద్ధతులు అందరికీ తెలుసు. తొందరలో ఉన్న రౌతు ఒకడు మాత్రం మా ముందు నుంచి అడ్డంగా దూసుకుపోయాడు. తుమ్మెద గక్కున ఆగి, వెన్ను బిగించి, నా మోకాళ్ళ కింద గుండె దడదడలాడించింది. దాన్ని ఓ మూలకి తీసుకెళ్ళి, నడకలో పెద్ద పెద్ద వలయాలు తిప్పాను. పగ్గం కొంచెం కొంచెం వదిలాక మెడ దించింది, ముక్కుతో ఓ పెద్ద చీదు చీదింది. అప్పుడు మాత్రమే దూకించాను. రెండు చిన్నవి, ఒక ఆక్సర్ (వెడల్పు అడ్డంకి), అంతే. మా తర్వాత నంబరు గుర్రం అప్పటికే పది సార్లు దూకేసింది.

రౌండులో నాకు నచ్చింది ఐదో అడ్డంకి. జడ్జీల గుడారం నీడ దాని మీద పడుతోంది. దూరం నుంచే ఒక చెవి నీడ మీద, ఒక చెవి నా మీద పెట్టింది. నేను కాళ్ళతో మెల్లగా ఒత్తి, పగ్గం ముందుకిచ్చాను. నా మీదున్న చెవి కూడా ముందుకి తిరిగింది, దూకేసింది. గేటు వైపు వరసలో వెనక డెక్క తగిలి అడ్డంకి మీది ఒక పోల్ (కర్ర) పడింది. పోల్ పడితే లెక్కలో నాలుగు తప్పులు. ఆ పోల్ గురించి నాకు ఇసుమంత కూడా బాధ లేదు. మధ్యాహ్నం కంచు క్లియర్, ఒక్క తప్పూ లేదు.

శుక్రవారం

కోర్సులో నీళ్ళ తొట్టి వచ్చింది. వర్టికల్, అంటే నిటారు అడ్డంకి, కింద నీలం రంగు, లోతు లేని తొట్టి. మా వాళ్ళు లివర్‌పూల్ అంటారు. మనకి అదొక నీళ్ళ పళ్ళెం. గుర్రం కంటికి అది నేలలో తెరుచుకున్న గొయ్యి. దాని కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది. నుదురుకి సరిగ్గా ఎదురుగా, ముక్కు కింద మాత్రం కనిపించదు. రంగుల్లో నీలం, పసుపు బాగా తెలుస్తాయి, ఎరుపూ ఆకుపచ్చా కలిసిపోతాయి. బ్రిటన్ జంప్ రేసుల్లో 2022 నుంచి అడ్డంకుల మీది నారింజ రంగు గుర్తులు మానేసి తెలుపు వేయడం మొదలుపెట్టింది ఈ కారణంతోనే. పచ్చగడ్డి మీద నారింజ రంగు వాటికి విడిగా కనిపించదు. పచ్చ మీద నీలం మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అంటే తుమ్మెద ఆ తొట్టిని మైదానంలోకి అడుగుపెడుతూనే చూసి ఉంటుంది.

మొదటిసారి ఆగితే నాలుగు తప్పులు, రెండోసారి ఆగితే బయటికే. నా బెంగ తప్పుల గురించి కాదు. కొత్తదాని ముందు ఆగడం ఒకసారి లాభంగా కనిపిస్తే, ఆ అలవాటు మాన్పించడానికి ఏడాది పట్టొచ్చు.

తొట్టి ముందున్న మలుపు వెడల్పుగా తీసుకున్నాను, దానికి చూసుకునే వేళ ఉండాలని. ఆరు అంగల దూరంలో మెడ పైకి లేచింది. ముక్కుపుటాలు విచ్చుకుని ఊపిరి బుస్సుమంది. వీపు నా కింద గట్టి పలకలా అయింది. నాలుగు, మూడు. కాంటర్ దాదాపు ఉన్నచోటే ఊగుతోంది. కర్ర వాడే సమయం కాదిది, నోరు లాగే సమయం అసలే కాదు. కూర్చుని, రెండు కాళ్ళూ దాని పొట్టకి ఆనించి, నాలుక చప్పరించాను. "పదవే తల్లీ." తొట్టికి మూరెడు దూరంలో ఒక్క క్షణం నిలబడ్డట్టే అనిపించింది. ఆ నిలబడ్డ చోటి నుంచే నాలుగు కాళ్ళూ ఒక్కసారి ముడిచి లేచింది. ఎంత ఎత్తు లేచిందంటే నా గడ్డం దాని జూలుకి తగిలింది. జూలు పట్టుకునే ఉన్నాను కాబట్టి నోట్లో కళ్ళెం గుంజుకోలేదు. దిగగానే చెవులు రెండూ ముందుకి. మిగతా అడ్డంకులు తనే వెతుక్కుంటూ పోయింది. క్లియర్.

బయట బాబాయ్ కళ్ళు తుడుచుకుంటున్నాడు. "అమ్మాయ్, నువ్వు వదిలావు చూడు, అదీ" అన్నాడు. ఆయన ఇంత మాట అనడం అరుదు.

సాయంత్రం ఫలితాలు అంటించారు. రెండు రోజుల్లో కలిపి నాలుగే తప్పులు కాబట్టి తుమ్మెద పేరు ఆదివారం ఫైనల్ జాబితాలో ఉంది.

శనివారం

వాన. కంచుకి స్టడ్‌లు బిగించి ఒక రౌండు. కాంబినేషన్, అంటే వెంటవెంటనే వచ్చే అడ్డంకుల జత, మధ్యలో జారబోయి సర్దుకున్నాడు, ఒక పోల్ పడింది.

రోజంతా నేను చూసింది తుమ్మెదనే. ఉదయం జ్వరం లేదు. గుండె నిమిషానికి 36 సార్లు కొట్టుకుంటోంది, 28 నుంచి 44 మధ్య ఉంటే మామూలే. కాళ్ళు చల్లగా, వాపు లేకుండా ఉన్నాయి. డాక్టరుకి చూపిస్తే ఏ లోపమూ లేదంటాడు. అయినా దాని గడ్డి వల సగం నిండుగానే ఉంది. దాణా తింది, కానీ మధ్యలో ఆగి గోడ వైపు చూస్తూ నిలబడింది. పక్క గదిలో గుర్రం సకిలిస్తే రోజూ బదులిచ్చేది, ఇవాళ చెవి కూడా కదపలేదు. మధ్యాహ్నం నడకకి తీసుకెళ్తే పెద్ద స్క్రీన్ పక్కనుంచి కనీసం తల తిప్పకుండా పోయింది. చూసినవాళ్ళు ఎంత బుద్ధిగా ఉందో అన్నారు. నాకు తెలుసు, అది బుద్ధి కాదు. అన్నిటినీ వాసన చూసి నమ్మే పిల్ల చూడటమే మానేసిందంటే, బుర్ర నిండిపోయింది.

దాని యజమానికి ఫోన్ చేసి, ఫైనల్ నుంచి తీసేస్తున్నానని చెప్పాను.

"ఏమైందండీ, కుంటుతోందా?"

"లేదండీ, ఒంట్లో బానే ఉంది. అలిసిపోయింది."

"ఫైనల్‌కి వచ్చిన గుర్రాన్ని ఎవరైనా తీస్తారాండీ? ఒక్క రౌండే కదా."

ఆయన అడగడంలో తప్పు లేదు. డబ్బు పెట్టిన మనిషి, ఆశ పడ్డ మనిషి. నిన్న ఆ తొట్టి ముందు అది నామీద పెట్టిన నమ్మకం సంగతి చెప్పాను. రేపు ఇంకా ఎత్తు పెడతారు, ఇంకా గట్టి కోర్సు వేస్తారు. అలిసిన గుర్రం ఆలస్యంగా లేస్తుంది, పోల్‌ని గట్టిగా కొట్టుకుంటుంది. శుక్రవారం నేర్చుకున్నది ఆదివారం చెరిపేసుకోవడమెందుకు? ఒలింపిక్స్ జంపింగ్‌లో గుర్రానికి కనీసం తొమ్మిదేళ్ళు ఉండాలని నియమం పెట్టింది ఊరికే కాదు. లండన్ 2012లో బ్రిటన్ జట్టుకి బంగారం తెచ్చిన గుర్రాల్లో బిగ్ స్టార్ ఒకటి. వ్యక్తిగత బంగారం తెచ్చింది రియో 2016లో, పదమూడేళ్ళ వయసులో. మనదాని ముందు ఇంకా ఎన్ని ఏళ్ళున్నాయో లెక్క వేయండి అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి "సరేనండీ, దాని మీద కూర్చునేది మీరు" అన్నారు.

ఆదివారం

వాన వెలిసింది. ఆరేళ్ళ ఫైనల్‌లో అడ్డంకులు 1.30 మీటర్లకి పెంచారు. కంచుకి జనమంటే ఇష్టం, చప్పట్లు వినగానే మెడ విల్లులా వంచుకుని లోపలికి వెళ్ళాడు. మొదటి రౌండు క్లియర్. జంపాఫ్‌లో, అంటే తప్పుల్లేని వాళ్ళ మధ్య వేగంతో తేల్చే ఆఖరి రౌండులో, రెండు దారులు. లోపలి మలుపు తీసుకుంటే రెండు సెకన్లు కలిసొస్తాయి. కానీ తడి నేల మీద ఒక్క కాలి మీద తిరిగి, వంకరగా వర్టికల్‌కి రావాలి. నేను బయటి దారి తీసుకున్నాను. ఐదో స్థానం. లోపలి మలుపు తీసుకున్న వాళ్ళలో ఇద్దరు గెలిచిన వరసలో ఉన్నారు, వాళ్ళ గుర్రాలు దానికి తయారుగా ఉన్నాయి కూడా. కంచు వచ్చే ఏడాదికి ఉంటాడు.

బెల్జియంలోని లానాకెన్‌లో ఐదు, ఆరు, ఏడేళ్ళ గుర్రాలకి ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరుగుతుంది. ఈవెంటింగ్‌లో, అంటే మూడు రకాల పరీక్షలు కలిసిన గుర్రప్పోటీలో, ఆరు, ఏడేళ్ళ వాటికి ఫ్రాన్స్‌లోని ల లియాన్ డాంజేలో. ఆ మైదానాల్లో మెరిసిన పేర్లలో కొన్ని ఆ తర్వాత పెద్ద ఆటల్లోనూ వినిపించాయి. ఇంకెన్నో వినిపించలేదు. అక్కడికి పోవద్దని నేననను. తయారైన గుర్రానికి అది మంచి బడి. కంచుని ఏడేళ్ళకి అలాంటి చోట నిలబెట్టాలని నాకూ ఉంది. సీజన్ అంతా ఆ ఒక్క తేదీ చుట్టూ కట్టి, గుర్రాన్ని దానికి సరిపడా సాగదీయడం మాత్రం నా చేత కాదు.

మధ్యాహ్నం ఫైనల్ జరుగుతుండగా తుమ్మెదని మోకు పట్టుకుని మైదానం అంచున గడ్డి మేపాను. గంట సేపు తలెత్తలేదు.

సోమవారం

నిన్న రాత్రికి ఇల్లు చేరాం. పొద్దున కట్లు విప్పి మోకాలి కింద స్నాయువులన్నీ వేళ్ళతో తడిమి చూశాను. కంచు ఎడమ ముందుకాలి దగ్గర కొంచెం నిండుగా అనిపించింది, చల్లని నీళ్ళు పట్టి, నడక చేయించాక తగ్గింది. రెండు రోజులు చూసి, మళ్ళీ నిండుగా అనిపించకపోతే వచ్చే వారాంతం దూకుతాడు, ఒక్క తరగతిలోనే. లేదంటే ఆ ఎంట్రీ కూడా రద్దు.

తుమ్మెద లాడాల్లో స్టడ్ రంధ్రాలు కప్పేసి, తన జతగాళ్ళతో పచ్చిక బయల్లోకి వదిలాం. గేటు తీయగానే దౌడు తీస్తుందనుకున్నాను. నాలుగడుగులు వేసి పడుకుని పొర్లింది, లేచి ఒళ్ళు దులుపుకుంది, అప్పుడు తీసింది దౌడు. కాసేపటికి యజమాని ఫోన్. ఎప్పుడొచ్చి చూడమంటారు అని.

"వచ్చే నెల మొదట్లో రండి. అప్పటిదాకా దాని వీపు మీద జీను వేయం."

"మరి నేను వచ్చి ఏం చూడాలండీ?"

"తోటివాటితో మేస్తుంటే చూడండి. అప్పటికి ఓ అంగుళం పెరిగి ఉంటుందని బాబాయ్ పందెం కాస్తున్నాడు, కొలబద్ద మీరే తెచ్చుకోండి."